జంషెడ్జీ టాటా : స్వదేశి సరకు, కొనువారి ధర్మము

తాపీనది పడమటి సముద్రమున కలియుచోట, దక్షిణపు టొడ్డున డుమస్ అను తీరస్థలము కలదు. సూరతు నగరమునకు నైరృతి దిశయందున్న ఈ తీరమున ఇసుక నల్లనిది. నదీముఖమునకు ఆవలి యొడ్డున హజీరాయు, దాని కుత్తరముగా సువాలీయు నున్నవి. నదిలో ఇసుకమేటలు అడ్డుగా నుండుటచే పెద్ద యోడలు సూరతువఱకు పోజాలక సువాలీ రేవున లంగరు వేయుచుండెడివి. 1608లో హాకిన్సు నడపిన ఆంగ్లనౌక వచ్చి నిలిచినది ఈ ప్రాంతముననే. 1612లో ఆంగ్లేయులు పోర్చుగీసువారితో పోరి నిలద్రొక్కుకొన్నదియు సువాలీ నీటనే. ఆ మఱుసటి యేట సూరతున వారి వర్తకశాల స్థిరపడెను. అంతకుముందే, 1611లో, తెలుగుతీరమున మచిలీపట్టణమునందు వారు అడుగుపెట్టియుండిరి. ఇట్లు పడమట సూరతునుండియు, తూర్పున మచిలీపట్టణమునుండియు భారతీయుల నూలుబట్టలు, అద్దకపు బట్టలు లండను నగరమునకు ప్రవాహమువలె సాగినవి.

ఆ వస్త్రములను ఆంగ్లస్త్రీలు ఎంత ముచ్చటపడి కొనిరో, అచ్చటి ఉన్ని నేతగాండ్రును పట్టు నేతగాండ్రును అంతగా కలతచెందిరి. 1700లో అచ్చటి పార్లమెంటు తూర్పుదేశముల అద్దకపు బట్టల వాడకమును నిషేధించుచు ఒక శాసనము చేసెను. అదియు చాలక 1719లో లండను నేతగాండ్రు వీధులలో అల్లరి చేసి, అద్దకపు బట్ట కట్టిన స్త్రీలమీద పడి ఆ బట్టలను చింపిరి. 1721లో మఱింత కఠినమైన శాసనము వెలువడి 1774 వఱకు అమలులో నుండెను. స్వదేశమున నేసిన బట్టనే కట్టవలెనను నియమమును చట్టముచేతను, దండనచేతను ప్రజలపై విధించిన దేశము ఇంగ్లండే. ఆ నిషేధపు నీడలో అచ్చట నూలు పరిశ్రమ వేరూనినది, యంత్రములు పుట్టినవి. మఱి నూఱేండ్లు గడచునప్పటికి సరకు నడచు దిక్కు మాఱెను. లాంకషైరు బట్ట సూరతు బజారులను, మచిలీపట్టణపు బజారులను నింపెను.

భారతీయులకు అట్టి చట్టము చేయు అధికారము లేదు. వారి చేతనున్నది కొనువాని యిష్టము ఒక్కటియే. ఆ యిష్టమును స్వదేశి సరకువైపు త్రిప్పవలెనా, త్రిప్పినచో ఎంతవఱకు, ఎంతకాలము అను ప్రశ్న ఆనాటినుండి నేటివఱకు తెగలేదు. ఈ ప్రశ్నకు ఉపన్యాసములచే గాక వ్యాపారముచే సమాధానము వెదకినవాడు జంషెడ్జీ నసర్వాన్జీ టాటా. ఆయన జన్మస్థలమైన నవసారి డుమస్‌నకు దక్షిణముగా, అదే తీరప్రాంతమున, పూర్ణానది యొడ్డున నున్నది.

జంషెడ్జీ 1839 మార్చి 3వ తేదీన జన్మించెను. నవసారి అప్పుడు గాయకవాడుల బరోడా సంస్థానములోనిది. అది పారశీకుల మతవిద్యకు పెట్టినది పేరు. టాటాలది పురోహిత వంశము. తరతరములుగా అగ్నిదేవాలయ సేవయే వృత్తిగా గల ఆ యింట మొట్టమొదట వర్తకమునకు దిగినవాడు జంషెడ్జీ తండ్రి నసర్వాన్జీ. ఆయన బొంబాయికి పోయి స్థిరపడిన పిమ్మట కుమారుని పదుమూడవ యేట అచ్చటికి పిలిపించెను. జంషెడ్జీ 1856లో ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయమున చేరి 1858లో చదువు ముగించెను. ఆంగ్లసాహిత్యమునందు ఆనాడు కలిగిన ప్రీతి ఆయనను కడవఱకు విడువలేదు. విద్యార్థిగా నుండగానే హీరాబాయితో వివాహము జరిగెను.

1859లో తండ్రి ఆయనను హాంకాంగునకు పంపెను. ఆనాటి బొంబాయి వర్తకులకు చీనాతోడి వ్యాపారమే పెద్ద ఆధారము. ఇటనుండి పత్తి, నల్లమందు పోవును. అటనుండి తేయాకు, పట్టు వచ్చును. నల్లమందు వ్యాపారమును కప్పిపుచ్చి ఆ కాలపు బొంబాయి ధనవంతుల చరిత్రను చెప్పుట సత్యము కాదు. టాటాల తొలి సంపాదనలో దాని పాలును కలదు. జంషెడ్జీ హాంకాంగునందు నేర్చిన ముఖ్యవిషయము మఱియొకటి. తూర్పుదేశముల విపణిలో సరకు పుట్టిన దేశమును బట్టి గాక, దాని నాణ్యమును, ధరను బట్టియే చెల్లుబడి యగునని ఆయన కన్నులార చూచెను.

ఇంతలో అమెరికాలో అంతర్యుద్ధము వచ్చెను. 1861 మొదలు 1865 వఱకు అమెరికా పత్తి ఇంగ్లండునకు అందకపోవుటచే లాంకషైరు మిల్లులు భారతదేశపు పత్తికై ఎగబడినవి. బొంబాయిలో ధనము వఱదవలె వచ్చి పడెను. సూరతులో జన్మించిన ప్రేమచంద్ రాయచంద్ ఆ కాలపు పత్తి వ్యాపారమునకు, వాటాల జూదమునకు నాయకుడు. నసర్వాన్జీయు ఆయనతో భాగస్వామి. లండనులో ఒక భారతీయ బ్యాంకును నెలకొల్పు తలంపుతో 1864 చివర జంషెడ్జీని ఇంగ్లండు పంపిరి. ఆయన చేరిన కొలదికాలమునకే అమెరికా యుద్ధము ముగిసెను. పత్తి ధర కూలెను. బొంబాయిలో సంస్థలు ఒకదానివెంట ఒకటి దివాలా తీసినవి. జంషెడ్జీ చేతనున్న హుండీలు చిత్తు కాగితములయ్యెను. ఆయన అప్పులవారి యెదుటికి దాగక పోయి ఉన్నది ఉన్నట్లు చెప్పెను. ఆ నిజాయితీని మెచ్చి వారు ఆయననే నెలకు 20 పౌనుల జీతముపై తన సంస్థ లెక్కలు తేల్చు అధికారిగా నియమించిరి.

ఈ పతనము ఆయనకు రెండు పాఠములు నేర్పెను. ముడిపత్తిని అమ్ముకొని బ్రదుకు దేశము పరుల యుద్ధములపై, పరుల సంధులపై ఆధారపడి యుండును. రెండవది, ఆ పత్తియే లాంకషైరున బట్టగా మాఱి, రెండు సముద్రప్రయాణముల కూలి మోసికొని, తిరిగి భారతదేశపు పేదవాని ఒంటిమీదికి చౌకగా వచ్చుచున్నదన్నచో, అందుకు కారణము ఆ కార్మికుల మహిమ మాత్రమే కాదు. యంత్రము, నిర్వహణ, మూలధనము అను మూడింటి కూర్పు. ఆ కూర్పు ఇచ్చటను సాధ్యమే.

1868లో అబిసీనియా దండయాత్రకు సరకులు సమకూర్చు కాంట్రాక్టులో నసర్వాన్జీకి భాగము లభించి కుటుంబము కోలుకొనెను. ఆ యేడే జంషెడ్జీ 21,000 రూపాయల మూలధనముతో సొంత వ్యాపారము నారంభించెను. 1869లో చించ్‌పోక్లీలో మూతపడిన నూనె మిల్లును కొని దానిని నూలు మిల్లుగా మార్చి, అలెగ్జాండ్రా మిల్లు అని పేరిడి, రెండేండ్లు నడపి లాభమునకు అమ్మివైచెను. ఆ పిమ్మట మరల లాంకషైరునకు పోయి మిల్లుల నిర్వహణమును శ్రద్ధగా పరిశీలించెను.

తిరిగివచ్చి ఆయన చేసిన నిర్ణయము బొంబాయి వర్తకులకు వింతగా తోచెను. అందఱును బొంబాయిలోనే మిల్లులు కట్టుచుండగా ఆయన నాగపూరును ఎన్నుకొనెను. అచ్చట పత్తి పండును, వరోరా బొగ్గు గనులు సమీపముననున్నవి, రైలుమార్గము కలదు, బట్టను కొను జనులును చుట్టుప్రక్కల నున్నారు. 1874లో 15 లక్షల రూపాయల మూలధనముతో సంస్థ ఏర్పడెను. ఊరిచెంతనున్న బురదనేలను పూడ్చి కట్టడము లేపుటకు డబ్బడుగగా, స్థానికుడైన ఒక షావుకారు బంగారమును మంటిలో పోయుటకు తాను సహాయము చేయనని నిరాకరించెననియు, పిమ్మటి కాలమున ఆ టాటా మన్ను పోసి బంగారము తీసెనని తానే ఒప్పుకొనెననియు ఒక కథ నాగపూరున నిలిచియున్నది. 1877 జనవరి 1వ తేదీన మిల్లు తెఱవబడెను. విక్టోరియా రాణి భారతచక్రవర్తినిగా ప్రకటింపబడిన దినము అదియే. ఎంప్రెస్ మిల్లు అను పేరు అట్లు వచ్చినది.

ఆ పేరు రాజభక్తిని చాటునదేగాని, ఆ మిల్లు చేసిన పని వేఱు. రైల్వే సరకుశాఖలో పనిచేసిన బెజన్‌జీ మెహతాను నిర్వాహకునిగను, లాంకషైరునుండి వచ్చిన బ్రూక్స్‌బీని యంత్రనిపుణునిగను జంషెడ్జీ నియమించెను. లాంకషైరు మిల్లుదారులే సందేహించుచున్న క్రొత్తరకపు రింగు కదుళ్ళను 1883లో తెప్పించి పరీక్షించి, అవి మేలని తేలిన వెంటనే మిల్లునందంతటను వాడుకలోనికి తెచ్చెను. గాలిలో తేమను నిలుపు పరికరములను, అగ్నిప్రమాదమును అడ్డు నీటి జల్లులను అమర్చెను. కార్మికులు తఱచు పని మానుచుండగా దండుగలు విధించుటకు బదులు బహుమానములు పెట్టెను. 1886లో పింఛను నిధిని, 1895లో ప్రమాదములకు పరిహారమును ఏర్పాటు చేసెను. స్వదేశి యను మాట ఎత్తకయే, మంచి నూలును తక్కువ వ్యయముతో తీయుటవలన ఎంప్రెస్ మిల్లు తన కొనుగోలుదార్లను సంపాదించుకొనెను. ఇది మొదటి అధ్యాయము.

రెండవ అధ్యాయము 1886లో మొదలయ్యెను. అప్పటికి స్వదేశి భావము క్రొత్తది కాదు. 1851లోనే గుజరాతీకవి దళపతరాము, విదేశపు యంత్రపరిశ్రమను దండెత్తివచ్చిన రాజుగా కల్పించి ఒక కావ్యము వ్రాసియుండెను. పూనాలో గణేశ వాసుదేవ జోషి 1870ల దశాబ్దమున చేనూలు బట్టను ధరించి స్వదేశివ్రతమును ప్రచారము చేసెను. 1882లో విదేశపు నూలుబట్టపై దిగుమతి సుంకమును ప్రభుత్వము తొలగించుటచే లాంకషైరు సరకునకు అడ్డు లేకపోయెను. ఈ స్థితిలో జంషెడ్జీ బొంబాయి ప్రక్క కుర్లాలో చెడిపోయిన ధరమ్‌సీ మిల్లును పన్నెండున్నర లక్షలకు కొనెను. దానిని కట్టుటకు పూర్వము అంతకు నాలుగింతలకు పైగా వ్యయమైనది. ఈ మిల్లునకు ఆయన స్వదేశి మిల్లు అని పేరిడెను. ఆ మాట రాజకీయసభలలో మాఱుమ్రోగుటకు ఇంకను దాదాపు ఇరువదియేండ్లు గలవు. నాణెమైన సన్ననూలు తీసి, విదేశమునుండి వచ్చు సన్నబట్టకు బదులుగా ఇచ్చటి సన్నబట్టను ఇచ్చుట దాని ఉద్దేశము.

కాని పేరు ఉన్నతమైనను సరకు నాసిగా వచ్చెను. యంత్రములు తుప్పుపట్టి, మాటిమాటికి ఆగిపోవుచుండెను. నూలు బాగుగలేదని బేరగాండ్ర ఫిర్యాదులు వచ్చినవి. వాటాల ధర దారుణముగా పడిపోయెను. టాటా పరపతికే మచ్చ వచ్చునట్లుండెను. ఈ సమయమున ఆయనకు రెండు మార్గములు గలవు. స్వదేశి అను పేరును చూపి, దేశాభిమానముగల కొనుగోలుదార్లను ఆ నాసి సరకును సహింపుడని వేడుకొనుట ఒకటి. సరకును బాగుచేయుట రెండవది. ఆయన మొదటిదానిని తలపెట్టలేదు. ఎంప్రెస్ మిల్లులోని తన వాటాలలో కొన్నింటిని అమ్మి ఆ ధనమును కుర్లాలో పెట్టెను. నాగపూరునుండి అనుభవజ్ఞులను రప్పించెను. పనికిరాని యంత్రములను తీసివైచి క్రొత్తవానిని నిలిపెను. కొన్ని యేండ్లకు స్వదేశి మిల్లు నూలు తూర్పుదేశపు విపణులలో మంచి పేరు సంపాదించుకొనెను. స్వదేశి యను ముద్ర కొనువానిని ఒక్కసారి మాత్రమే దుకాణమునకు తేగలదు. రెండవసారి తెచ్చునది సరకే. ఈ సత్యమును ఆయన తన సొమ్ము పోగొట్టుకొని తెలిసికొనెను.

ఈ రెండు అధ్యాయములను మాత్రమే చూచినచో, కొనువానికి ఏ బాధ్యతయు లేదనియు, భారమంతయు ఉత్పత్తిదారునిదే యనియు తేలును. మూడవ అధ్యాయము ఆ తీర్పును సరిదిద్దుచున్నది.

బొంబాయి నూలు ఎక్కువగా చీనాకు, జపానునకు పోవుచుండెను. దానిని మోయు ఓడలు విదేశీయులవి. ఆంగ్లేయుల పి. అండ్ ఓ. కంపెనీ, ఆస్ట్రియా, ఇటలీ కంపెనీలతో కలిసి ఓడకూలిని తమ యిష్టము వచ్చినట్లు నిర్ణయించుచుండెను. విదేశపు పెద్ద సంస్థలకు ముదరాలు ఇచ్చి, భారతీయ వర్తకులనుండి నిండుకూలి వసూలు చేయుచుండెను. 1893లో జంషెడ్జీ జపానునకు పోయి, అచ్చటి నిప్పన్ యూసెన్ కైషా అను నౌకాసంస్థతో ఒడంబడిక చేసికొనెను. అపాయములో తానును పాలుపంచుకొన్నచో తామును ఓడలు నడుపుదుమని వారనిరి. జంషెడ్జీ అందుల కంగీకరించి ఆంగ్లనౌకలను అద్దెకు తీసికొని టాటా లైను పేర నడపెను. టన్నుకు 12 రూపాయల ప్రాంతమున కూలి నిర్ణయింపబడెను. అదివఱకటి కూలికంటె ఇది ఎంతయో తక్కువ.

పెద్ద కంపెనీ వెంటనే తన కూలిని దించెను. దించి దించి టన్నుకు రెండు రూపాయలకంటెను తక్కువకు తెచ్చెను. టాటా ఓడలలోగాని జపాను ఓడలలోగాని సరకు ఎక్కింపమని వ్రాసియిచ్చిన వర్తకులకు ఈ లాభము. అట్టి కూలిచే ఏ ఓడకును బొగ్గుఖర్చుకూడ రాదు. ఇది వ్యాపారము కాదు, పోటీదారుని చంపుటకు పెట్టిన వ్యయమని జంషెడ్జీ వర్తకులకు విన్నవించెను. ఒక పుస్తికను ముద్రించి పంచెను, ప్రభుత్వమునకు నివేదించెను. ప్రభుత్వము కదలలేదు. మొదట ఆయనను ప్రోత్సహించిన మిల్లుదారులే ఒక్కొక్కరుగా చౌకకూలివైపు జాఱిపోయిరి. టాటా లైను పెద్ద నష్టముతో మూతపడెను. పోటీ అంతరించిన పిమ్మట కూలి తిరిగి పెరిగెను. జాఱిపోయిన వర్తకులు కొలదినెలలలో మిగుల్చుకొన్నదానిని ఏండ్లతరబడి తిరిగి చెల్లించుకొనిరి.

జపాను సంస్థ మాత్రము ఆ మార్గమున నిలిచిపోయెను. దానికి తన దేశపు ప్రభుత్వముయొక్కయు, తన దేశపు మిల్లులయొక్కయు అండ కలదు. జపాను మిల్లుదారులు తమ పత్తిని తమ దేశపు ఓడలకే ఇచ్చిరి. 1894లో నూలు ఎగుమతిపైని సుంకమును, 1896లో ముడిపత్తి దిగుమతిపైని సుంకమును జపాను తీసివైచెను. బొంబాయి పత్తిని జపాను ఓడలు మోసికొనిపోగా, దానితో వడికిన జపాను నూలు తూర్పువిపణులలో బొంబాయి నూలును వెనుకకు నెట్టెను. ఒకే ఒడంబడికలో చేరిన రెండు పక్షములలో ఒకటి నిలిచి, ఒకటి కూలుటకు కారణము నౌకల మంచిచెడ్డలు కాదు. వెనుకనున్న కొనుగోలుదార్ల నిలుకడ.

ఓడకూలి పోరుననే గాక పన్నుల విషయమునను ఆయనకు ప్రభుత్వసహాయము లభింపలేదు. 1894లో ధనము చాలక విదేశపు బట్టపై మరల దిగుమతి సుంకము వేయవలసివచ్చినప్పుడు, లాంకషైరువారి యొత్తిడికి లోనై, భారతీయ మిల్లుల నూలుపైనను సరితూగు ఎక్సైజు పన్ను వేసిరి. 1896లో దానిని మార్చి భారతీయ మిల్లుబట్టపై నూటికి మూడున్నర వంతున పన్ను నిలిపిరి. ఇంట తయారైన సరకుపై, పరాయి సరకునకు మేలగునట్లు, పన్ను వేయుట లోకమున అరుదు. జంషెడ్జీ మిల్లుల లాభనష్టముల లెక్కలు కూర్చి ఈ పన్ను అన్యాయమును చూపెను. అది 1926లోగాని పూర్తిగా రద్దు కాలేదు. అదే 1896లో ఆయన ఈజిప్టు పత్తిని భారతదేశమున పండించుటను గూర్చి ఒక పత్రము ప్రచురించెను. సన్ననూలునకు పొడుగు పింజ కావలెను. అది ఇచ్చట పండనంతకాలము సన్నబట్టలో స్వదేశి అసంపూర్ణమే. బెంగుళూరున జపాను పద్ధతిని పట్టుపురుగుల క్షేత్రమును స్థాపించినదియు ఈ దృష్టితోనే.

ఇట్లని ఆయన విదేశవస్తువును ముట్టరాదను వ్రతము పూనినవాడు కాదు. ఆయన మిల్లులలోని యంత్రములు ఇంగ్లండువి. 1903లో బొంబాయి సముద్రతీరమున తెఱవబడిన తాజమహల్ హోటలునకు వలయు సామగ్రిని ఆయన స్వయముగా ఐరోపా అంగళ్ళలో ఏఱి తెచ్చెను. వాడి పారవేయు వస్తువును పరదేశమునుండి తెచ్చుట వేఱు, వస్తువులను చేయు సాధనమును తెచ్చుట వేఱు అను వివేకము ఆయన కొనుగోళ్ళలో కనబడును. యంత్రము కొన్నవాడు నేడు పరాధీనుడైనను రేపు స్వాధీనుడు కాగలడు.

ఆ వివేకపు పరాకాష్ఠ ఉక్కు కర్మాగారము. 1882లో చాందా ప్రాంతపు ఇనుపరాతిని గూర్చి ఒక జర్మను నిపుణుడు వ్రాసిన నివేదిక ఆయన కంటబడినది మొదలు ఆ తలంపు ఆయనను వదలలేదు. గనుల నిబంధనలు అనుకూలింపక చాలకాలము వేచియుండెను. 1899లో కర్జను ప్రభువు ఆ నిబంధనలను సడలించినపిమ్మట ఆయన మరల పూనుకొనెను. 1902లో అమెరికాకు పోయి పిట్స్‌బర్గున కర్మాగారములను చూచి, పెరిన్ అను నిపుణుని సలహాదారునిగా కుదుర్చుకొనెను. గనులు వెదకు పని 1904లో మొదలయ్యెను. ఆ యేడే మే 19వ తేదీన జర్మనీలోని బాడ్ నౌహైమున జంషెడ్జీ కన్నుమూసెను. ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ శ్మశానవాటికయందు ఆయన భౌతికదేహమును ఉంచిరి. ఆయన ఉక్కు కడ్డీని చూడలేదు.

ఆయన మరణించిన మఱుసటి యేట వంగదేశ విభజనముతో స్వదేశి ఉద్యమము దేశమంతట చెలరేగెను. 1907లో బిపిన్ చంద్రపాలుడు ఆంధ్రదేశమున పర్యటించినప్పుడు విశాఖపట్టణము మొదలు మచిలీపట్టణమువఱకు జనులు ఆ మంత్రమును వినిరి. దాని ఫలముగా 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. ఆ 1907లోనే టాటా కుమారుడు దోరాబ్జీ ఉక్కు సంస్థకు మూలధనముకొఱకు లండను బజారునందు యత్నించి విఫలుడయ్యెను. అపుడు స్వదేశీయులనే అడుగ నిశ్చయించి ఆగస్టునందు బొంబాయిలో ప్రకటన చేయగా, మూడు వారములలో ఇంచుమించు 8,000 మంది భారతీయులు 2 కోట్ల 32 లక్షల రూపాయలను సమకూర్చిరి. జంషెడ్జీ బ్రదికియుండగా ఓడకూలి విషయమున ఆయనకు లభింపని నిలుకడ, ఆయన గతించిన మూడేండ్లకు ఆయన పేరునకు లభించెను.

ఆ డిసెంబరునందే తాపీ యొడ్డున సూరతులో కాంగ్రెసు మహాసభ సమావేశమయ్యెను. స్వదేశి, విదేశవస్తు బహిష్కారము మున్నగు విషయములలో ముందటి యేటి కలకత్తా తీర్మానములను సడలింతురన్న అనుమానమే అచ్చటి వివాదమునకు మూలము. చెప్పు విసరబడెను; కుర్చీలు లేచినవి; సభ రెండుగా చీలెను. స్వదేశివస్తువును కొనుట దేశసేవయే యని ఇరుపక్షములవారు ఒప్పుకొన్నవారే. ఎంతవఱకు, ఏ నష్టమునకు ఓర్చి అను ప్రశ్నయొద్దనే వారు విడిపోయిరి. నవసారి బిడ్డ జీవితము ఆ ప్రశ్నకు అప్పటికే సమాధానము చెప్పియుండెను గాని, సభలో దానిని చదివినవారు లేరు.

1912 ఫిబ్రవరి 16వ తేదీన సాక్చీయందు మొదటి ఉక్కుదిమ్మ వెలువడెను. ఆ గ్రామమే 1919లో జంషెడ్‌పూరు అను పేరు పొందెను. యుద్ధము ముగిసినపిమ్మట ఐరోపా ఉక్కు చౌకగా వచ్చిపడి ఆ కర్మాగారము మూతపడు స్థితికి వచ్చెను. 1924లో శాసనసభ విదేశపు ఉక్కుపై రక్షణ సుంకమును విధించి, దేశీయమైన ఉక్కునకు ఆర్థికసహాయమును చేసెను. అనగా నాగలి మొదలు రైలుపట్టావఱకు ఇనుము కొను ప్రతివాడును కొంత హెచ్చుధర నిచ్చుకొనెను. ఒక కంపెనీకై దేశమంతయు ఏల చెల్లింపవలెనని ఆనాడు కొందఱు అడిగిరి. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. దానికి సమాధానము ఆ రక్షణవిధానములోనే యుండెను. కాలక్రమమున రక్షణ లేకయే నిలువగల పరిశ్రమకు మాత్రమే రక్షణ ఈయవలెనని ఫిస్కల్ కమిషను నియమము చేసియుండెను. ఉక్కుపైని రక్షణ 1947లో తొలగింపబడెను, పరిశ్రమ నిలిచెను.

ఈ జీవితమును సమగ్రముగా చూచినచో ఒక్క సూత్రము తేలుచున్నది. స్వదేశి సరకుపై కొనువాడు చూపు ఆదరము దానము కాదు, అప్పు. హెచ్చుధర యిచ్చినను, కొంత లోపమును సహించినను, అది తిరిగిరావలసిన సొమ్ము. నాణ్యముగా, చౌకగా, స్వాతంత్ర్యముగా అది తిరిగిరావలెను. స్వదేశి మిల్లు తొలినూలువంటి నాసి సరకును పేరును చూచి కొనుచుండుట అప్పు కాదు, సోమరితనమునకు పోషణము. టాటా ఓడలను విడిచి రెండు రూపాయల కూలికి పరుగిడుట పొదుపు కాదు, రేపటి పరాధీనతకు బయానా. ఈ రెంటికిని భేదమెఱుగుటయే కొనువాని ధర్మము. చౌకసరకు ఎదురుపడినప్పుడు అది ఏల చౌకయైనదని విచారింపవలెను. నేర్పుచే చౌకయైనచో దానిని నేర్చుకొనవలెను. పోటీని చంపుటకై చౌకయైనచో దానిని అనుమానింపవలెను.

కాలము ఈ ప్రశ్నను ఇంకను చిక్కుపఱచినది. ఎంప్రెస్ మిల్లు మూతపడెను. స్వదేశి మిల్లును మూతపడెను. పేరు ఎంత పవిత్రమైనను, సంస్థను అది శాశ్వతముగా కాపాడజాలదు. సూరతు నేడు కృత్రిమపు నూలు బట్టకు దేశమున కేంద్రము. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు వేలకొలది అచ్చటి మరమగ్గములపై పనిచేయుచున్నారు. వారు నేసిన చౌకచీర హైదరాబాదు బజారునకు వచ్చి పోచంపల్లి చేనేత చీర ప్రక్కన వ్రేలాడును. రెండును స్వదేశివే, ఒకటి అమ్ముడుపోయినచో రెండవది మిగిలిపోవును. దేశపు సరిహద్దు ఒక్కటే కొలబద్దగా గలవానికి ఇచ్చట దారి దొరకదు. ఎవరి చేతిపని, ఎంత కూలి, ఎంత మన్నిక అని విచారించువానికి మాత్రమే దొరకును.

డుమస్‌ తీరమునకు ఆవలి యొడ్డున హజీరాలో నేడు ఒక గొప్ప ఉక్కు కర్మాగారము కలదు. భారతీయులు కట్టిన ఆ కర్మాగారమును 2019లో లక్సెంబర్గు కేంద్రముగాగల ఒక సంస్థయు, జపాను సంస్థయు కలిసి కొనినవి. అంతకు పండ్రెండేండ్లముందు, 2007లో, టాటా ఉక్కు సంస్థ బ్రిటనులోని కోరస్‌ను కొనియుండెను. తాపీ యొడ్డున భారతీయ కార్మికులు పోసిన ఉక్కు స్వదేశియా, పరదేశియా? టాటా పేర బ్రిటనున పోసిన ఉక్కు మాట యేమి? యజమాని పేరును బట్టి ఒక సమాధానము వచ్చును. పని, విద్య, కూలి ఎచ్చట నిలిచినవో దానిని బట్టి వేఱొక సమాధానము వచ్చును. హాకిన్సు ఓడ వచ్చినప్పుడు ఆ నీటిమీద సరకు ఎవ్వరిదో పోల్చుట సులభము. నేడు అది సులభము కాదు. కుర్లాలో పేరును నమ్ముకొనక సరకును సరిదిద్దిన జంషెడ్జీ జీవితము, ఆ పరీక్షకు వలసిన కొలతను మాత్రము విడిచిపోయినది.